తలెత్తు ఆట

మందుల కొట్టు, వెనక గది
వానలు మొదలైన వారం

చిన్నతల్లికి,

నా చేతిరాత బాగుండదు. ముందే చెబుతున్నాను, ఏమనుకోకు. ఊరి బడిలో, వెలుతురు పడని వైపు కూర్చుని నేర్చుకున్న చదువు నాది. ఒత్తులు ఎక్కడ పడాలో ఇప్పటికీ అనుమానమే. తప్పులుంటే నువ్వే సర్దుకుని చదువుకో. ఫోను చెయ్యి నాన్నా అని మీ వదిన పోరుతుంది. ఫోను చెవికి పెట్టుకుంటే నా నోరు పెగలదని నీకు తెలుసు. కాగితమైతే నా ముఖంలోకి చూడదు.

మీ ఆఫీసు నుంచి వచ్చిన కాగితం అందింది. కింద సంతకం మీ పెద్దాఫీసరుది. రాసింది మాత్రం నువ్వేనని మీ వదిన చెప్పింది. వేలు పెట్టుకుని చదివాను. జలుబు బిళ్ళలు ఇకమీదట బయటి అరలో ఉండకూడదట. కౌంటరు వెనక, తాళమున్న బీరువాలో ఉండాలట. కావలసినవాళ్ళు గుర్తింపు కార్డు చూపించాలి. నెలకి ఇన్ని అట్టలకు మించి ఇవ్వకూడదు. కార్డు మీది బొమ్మ, ఎదురుగా ఉన్న మనిషి ఒకరేనా అని కౌంటరులో ఉన్నవాడు చూసి తీరాలి.

ఆ చివరి ముక్క దగ్గర నా వేలు ఆగిపోయింది.

కౌంటరులో ఉన్నవాడంటే నేనే కదా. మీ వదిన చదువుకున్న మనిషి, లోపల చీటీలు చూసి మందులు తీస్తుంది. బయట అందుకుని ఇచ్చేది నేను. వయసొచ్చినప్పటి నుంచీ కొట్లలోనే బతికాను గాని ఒక్కరి ముఖం సరిగా చూసి ఎరగను. చూస్తే చెప్పాల్సిన మాట మర్చిపోతాను. అందుకని చేతులు చూస్తాను. రొట్టెల బట్టీ ఆయన గోళ్ళలో పిండి ఉంటుంది. టీచరమ్మ వేళ్ళకి సుద్ద ఉంటుంది. ఎవరి చెయ్యి వస్తే వాళ్ళ మందు అడగకుండానే తీసి పెడతాను. మీ అత్తయ్య ఉన్న రోజుల్లో అంటుండేది, "బజార్లో తప్పిపోతే నేను చెయ్యి పైకెత్తి నిలబడతాను, దాన్ని చూసి వచ్చెయ్యండి. ముఖం చూసి వెతికితే ఇంకెవరి వెంటో పోతారు" అని.

ఈ మధ్య ఒక కొత్త చెయ్యి కూడా వస్తోంది. ఎండకాలంలో కూడా గ్లౌజు తొడుక్కుని వచ్చింది. జలుబు బిళ్ళలే కొంటుంది. డబ్బు పెట్టాక అద్దం మీద రెండుసార్లు టకటకమని కొట్టి వెళ్ళిపోతుంది. మోటారు సైకిలు నడిపే ఆయన అయ్యుంటాడు.

"ఇప్పుడేం చేస్తావు నాన్నా? మరదలు నిన్నే మనసులో పెట్టుకుని రాసినట్టుంది" అని మీ వదిన ఒకటే నవ్వు.

మీ అమ్మ ఆదివారం వచ్చింది. నీ తమ్ముడు పిచ్చుక మాట తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వాడు ఇల్లు వదిలి వెళ్ళాక ఇది మూడో వానాకాలం. మీ అమ్మ వెనక గది బల్ల మీద వాడు చిన్నప్పుడు కూర్చునే చోటు పైటతో తుడిచింది. అక్కడ తన సంచీ కూడా పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఒక సంగతి అడుగుతాను. ఈ బిళ్ళ నా చిటికెన వేలి గోరంత లేదు. ముక్కు దిబ్బడేసి రాత్రంతా నిద్రలేనివాళ్ళు కొనుక్కుపోయేది. దీనికి తాళం ఎందుకు? నాకు అర్థమయ్యేట్టు రాయి.

మావయ్య

*

ఆఫీసు, నాలుగో అంతస్తు
వాన వెలిసిన సాయంత్రం

మావయ్యా,

నీ అక్షరాలు వంకరగా ఉంటేనే అవి నీవని నాకు నమ్మకం. హాస్టల్లో ఉన్నప్పుడు నీ ఉత్తరం వస్తే నా స్నేహితురాళ్ళు కవరు చూసే చెప్పేసేవాళ్ళు, "మీ మావయ్య నడుచుకుంటూ వచ్చాడే" అని.

తాళం ఎందుకని అడిగావు. ఆ బిళ్ళలో ముక్కు దిబ్బడ తీసే మందు ఉంది. ఆ మందును బొమ్మగా గీస్తే ఒక చిన్న చెట్టులా ఉంటుందనుకో. దాని మీద నుంచి ఒక్క ఆకు తెంపితే అది ఇంకో చెట్టు. మత్తు మందు. కాలేజీలో రెండు బొమ్మలూ పక్కపక్కన గీసినప్పుడు నా పెన్సిలు ఆగిపోయింది. ఒకటి మనిషికి ఊపిరి ఆడనిస్తుంది. ఇంకొకటి మనిషిని నిద్రపోనివ్వదు, తిననివ్వదు, చివరికి సొంతవాళ్ళని గుర్తు పట్టనివ్వదు. మధ్యలో ఒక్క ఆకు.

పోయినేడు పోలీసుల వెంట ఒక ఇంటికి వెళ్ళాను. బయటి నుంచి చూస్తే మామూలు ఇల్లు. తలుపు పక్కన గొడుగు కూడా ఉంది. లోపల గోడల రంగు పొరలు పొరలుగా వేలాడుతోంది. వంటగది కప్పు పసుపుపచ్చగా మారిపోయింది. మూలన ఒక గోనెసంచి. దాన్నిండా ఖాళీ అట్టలు. ఒక్కొక్క బిళ్ళా వేలితో నొక్కి తీసినదే. ఒక్కొక్క అట్టా ఏదో ఒక కొట్టులో ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళినదే. భయం తర్వాత వేసింది మావయ్యా. ముందు ఆశ్చర్యమే వేసింది. ఇంత నాశనం గుప్పెళ్ళలో, జేబుల్లో, పిల్లల మందులు తెచ్చుకున్నట్టే నడిచి వచ్చింది కదా అని.

పిచ్చుక ఇలాంటి ఇళ్ళ చుట్టూ తిరిగాడని నీకు తెలుసు. అమ్మకి సగమే తెలుసు. చివరిసారి వాడు ఇంటికొచ్చినప్పుడు తలుపు తీసింది నేనే. నన్ను చూసి "అమ్మ ఉన్నారాండీ" అన్నాడు. నన్ను, మావయ్యా. అప్పటి నుంచి వాడి కబురు లేదు. ఉన్నాడో లేడో తెలిస్తే చాలని నేను ఈ పనిలో కూర్చున్నాను. పైకి మాత్రం నియమాల కోసం అని చెబుతాను.

ఇప్పుడు పెట్టింది ప్రయత్నం మాత్రమే. చలికాలం చివర్లో నేను రిపోర్టు ఇవ్వాలి. ఇది చాలదు, డాక్టరు చీటీ లేకుండా అసలు అమ్మనివ్వకూడదు అని ఆఫీసులో సగం మంది అంటున్నారు. నేనూ ఆ సగంలోనే ఉన్నాను. నీ కౌంటరులో ఏం జరుగుతుందో నాకు రాస్తూ ఉండు.

తలెత్తడం గురించి భయపడకు. మా చిన్నప్పటి ఆట గుర్తుందా? సెలవుల్లో నేనూ పిచ్చుకా కొట్టుకొచ్చి, గొంతు మార్చి, "ఏమండీ, తలనొప్పి మాత్ర ఉందా" అని అడిగేవాళ్ళం. నువ్వు తలెత్తకుండానే తీసి ఇచ్చేసేవాడివి. నీ చేత తలెత్తించినవాళ్ళు గెలిచినట్టు. నేను ఒక్కసారి గెలిచాను, నీ చేతి మీద తుమ్మి. వాడు మాత్రం ఎప్పుడూ గెలవలేదు. తుమ్మడం దొంగాట అని ఏడ్చేవాడు.

వదినకి చెప్పు, నియమం నిన్ను మనసులో పెట్టుకుని రాయలేదని. ఏమో, రాశానేమో కూడా.

నీ
చిన్నతల్లి

*

మందుల కొట్టు, వెనక గది
చలి మొదలైంది

చిన్నతల్లికి,

ఆలస్యమైంది. రాయడానికి చాలా ఉండి మొదలెట్టలేకపోయాను. నాకు అలవాటు లేదు చాలా ఉండడం.

మొదటి రోజు నాకు చొక్కా తడిసిపోయింది. మీ వదిన నా వెనక స్టూలు వేసుకుని కూర్చుంది. మొదట వచ్చింది పగిలిన చేతులు. నాకు బాగా తెలిసిన చేతులే. సబ్బునీళ్ళలో నాని, ముడతలు పడి, మా అమ్మ చేతుల్లా ఉంటాయి. ఎవరో పెద్దావిడ అనుకుని ఎప్పుడూ కవరు ముడి వదులుగా వేసి ఇచ్చేవాణ్ణి. కార్డు అడిగాను. తలెత్తాను. ఇరవై దాటని పిల్ల. లాండ్రీలో పనట.

"ఏం తాతా, మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నావు" అంది.

"మొదటిసారేనమ్మా" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. నవ్వు ఎక్కడ మొదలవుతుందో నాకు తెలియదు ఇన్నాళ్ళూ. నోటి దగ్గర అనుకున్నాను. కళ్ళ కింద మొదలవుతుంది.

రొట్టెల బట్టీ ఆయన ఎప్పుడూ కసురుతున్నట్టే మాట్లాడతాడు. గొంతు విని కోపిష్టి అనుకుని ఆయనకి చిల్లర గబగబా ఇచ్చేసేవాణ్ణి. ముఖం చూస్తే అది కోపం కాదు, సిగ్గు. నాలాంటి సిగ్గే. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని ఇద్దరం తలలు దించుకున్నాం. మీ వదిన లోపలికి పోయి నవ్వుకుంది. టీచరమ్మకి ఒక కంట చూపు లేదు. ఆవిడ చేతిరాతని ఎన్నోసార్లు మెచ్చుకున్నాను గాని ఈ సంగతి నాకు తెలియదు.

ముఖం ఇంత పెద్దదని నేను అనుకోలేదు చిన్నతల్లీ. చెయ్యి ఒక్క మాట చెబుతుంది. ముఖం ఒకేసారి ఎన్నో చెబుతుంది, అందులో కొన్ని దానికే తెలియవు. ఆకాశం కింద పడుకుని మబ్బుల్ని చూసినట్టుంది నాకు. కళ్ళు తిరిగినట్టయి సాయంత్రానికి అలిసిపోతున్నాను. పొద్దున్నే మళ్ళీ చూడాలనిపిస్తోంది.

తిట్టినవాళ్ళూ ఉన్నారు. ఒకాయన చీదుకుంటూ వచ్చి, "జలుబుకి కార్డేమిటి? ఈ ముక్కు నాదేనని కాగితం తేవాలా?" అన్నాడు.

"ముక్కు మీదేనండీ, బిళ్ళలు మావి" అంది మీ వదిన.

కోటు వేసుకున్న మనిషి ఒకాయన వచ్చాడు. కార్డూ ముఖమూ ఒకటే. మీ వదిన ఆ పేరు, అన్ని కొట్లనీ కలుపుతూ మీ ఆఫీసు పెట్టించిన కంప్యూటర్‌లో కొట్టింది. తెర మీద ఎర్రగా వచ్చింది. "ఈయనకి పొద్దున్న ఒక ఊళ్ళో జలుబు, మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో జలుబు. ఇప్పుడు మన ఊరొచ్చింది. జలుబు బస్సెక్కి తిరుగుతోంది నాన్నా" అంది. ఆయన కార్డు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఎర్ర రంగు గురించి నేను ఇంకా ఆలోచిస్తున్నాను. ఎక్కడో పేరు తెలియని కొట్టులో, నాలాంటివాడే ఒకడు మీట నొక్కాడు. అది నా ముందు వెలిగింది. ఒకరినొకరం ఎరగం. అయినా ఈ దేశంలో కొట్లవాళ్ళం అందరం చేతులు పట్టుకుని వరసగా నిలబడినట్టు అనిపించింది. నేను బతికి ఇలాంటిది చూస్తాననుకోలేదు. ఆ వరస కట్టింది నువ్వు. నిన్ను చేయి పట్టుకుని రోడ్డు దాటించింది నేను.

గ్లౌజు చెయ్యి మాత్రం నియమం వచ్చాక రావడం మానేసింది. ఆ టకటక వినపడక కౌంటరు బోసిగా ఉంది. దాని ముఖం ఎలా ఉంటుందో చూడాలని కూడా ఉంది.

ఇంకొకటి. ఆ కంప్యూటర్‌కి ఇంత తెలుసు కదా. మన పిచ్చుక పేరు కొడితే వాడెక్కడున్నాడో చెబుతుందా? తప్పుగా అడిగితే మర్చిపో.

మావయ్య

*

ఆఫీసు, నాలుగో అంతస్తు
బాగా చలిగా ఉంది

మావయ్యా,

తప్పుగా అడగలేదు. నన్ను నేనే రోజూ అడుగుతున్నదే అడిగావు.

నా బల్ల మీది తెరలో పేరు కొట్టే గడి ఒకటి ఉంది. ఆఫీసు ఖాళీ అయ్యాక ఒక రోజు వేళ్ళు పెట్టాను. మొదటి అక్షరం కొట్టాను. చెరిపేశాను. అమ్మకాల వివరాలు సొంత పనికి ఎవరూ చూడరాదు అని నియమాల్లో ఒక వాక్యం ఉంది. అది రాయాలని పట్టుబట్టింది నేనే. ఆ వాక్యం ఉందన్న ధైర్యంతోనే లాండ్రీ పిల్ల తన కార్డు తీసి నీ చేతిలో పెట్టింది. నా తమ్ముడి కోసం నేను దాన్ని దాటితే రేపు ఇంకెవరో ఇంకెందుకో దాటుతారు. కోపం వచ్చింది మావయ్యా. ఎవరి మీదో తెలియలేదు. కంప్యూటర్ ఆపేసి మెట్లు దిగి ఇంటికి నడిచి వెళ్ళాను.

ముఖాల గురించి నువ్వు రాసింది మళ్ళీ మళ్ళీ చదివాను. మా పెద్దాఫీసరుకి కూడా చదివి వినిపించాను, నీ పేరు చెప్పకుండా. ఆయన "ఇది రిపోర్టులో ఏ పట్టీలో వెయ్యాలి?" అన్నాడు. నాకూ తెలియలేదు.

నాకు కొన్ని సంగతులు చెప్పు. ఆ గ్లౌజు కుడి చేతికా, ఎడమ చేతికా? అద్దం మీద కొట్టింది వేలి కొసతోనా, మడిచిన వేలి కణుపుతోనా? గొంతు ఎప్పుడైనా విన్నావా? బిళ్ళలు తీసుకున్నాక వెంటనే వెళ్ళిపోయేవాడా, కాసేపు నిలబడేవాడా?

ఆ మనిషి మళ్ళీ వస్తే ముందు ముఖం చూడు. కార్డు తర్వాత. కార్డు కుదరకపోతే బిళ్ళలు ఇవ్వకూడదు, అంతవరకే నియమం. మనిషిని వెళ్ళగొట్టమని అందులో ఎక్కడా లేదు.

ఈ సంగతి అమ్మకి చెప్పకు. ఎందుకని అడగకు.

చిన్నతల్లి

*

మందుల కొట్టు, వెనక గది
చలి తగ్గుతోంది

చిన్నతల్లికి,

కుడి చెయ్యి. మడిచిన వేలి కణుపుతోనే కొట్టేవాడు. కాసేపు నిలబడేవాడు. నువ్వెందుకు అడిగావో నాకు ఇప్పుడు తెలిసింది, మీ ఆటలో పిచ్చుక అలాగే కొట్టేవాడు. ఇక ఆ జవాబులతో పని లేదు. వచ్చాడు.

ఉన్నాడు. బతికి ఉన్నాడు. ముందు ఆ మాట చదువుకుని, కాస్త ఆగి, మిగతాది చదువు.

మధ్యాహ్నం బేరం లేని వేళ. మీ వదిన లోపల పెట్టెలు విప్పుతోంది. నేను అద్దం తుడుస్తున్నాను. తుడిచే గుడ్డ పక్కన గ్లౌజు చెయ్యి వచ్చి ఆగింది. కార్డు పెట్టింది. రెండుసార్లు కొట్టింది.

"జలుబు బిళ్ళలు. ఒక అట్ట."

నువ్వు ముందు ముఖం చూడమన్నావు. నా చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ కార్డు మీదికి పోయింది. బొమ్మలో బుగ్గల మనిషి, మీసాలు. తర్వాత తలెత్తాను. నేను ఒక్కసారిగా ఎత్తలేను, నీకు తెలుసు. ముందు చొక్కా గుండీలు. ఒకటి లేదు. తర్వాత మెడ. మెడ మీద ఎముకలు కనపడుతున్నాయి. పెదాలు ఎండి పగిలిపోయాయి. తర్వాత ముక్కు. అది మీ అమ్మ ముక్కు. దాని పైన మీ అమ్మ కళ్ళు.

ఇన్ని నెలలుగా ముఖాలు చూస్తున్నాను కదా, చూడడం వచ్చింది అనుకున్నాను. రాలేదు. ఒక ముఖంలో పసిపిల్లవాడూ ముసలివాడూ ఒకేసారి ఉండగలరని నాకు తెలియదు. బుగ్గలు లోపలికి పోయాయి. ముందు పళ్ళు రెండు లేవు. అయినా వాడు ఆ ముఖం పక్కకి తిప్పుకోలేదు. నేను చూసినంతసేపూ చూడనిచ్చాడు.

ఏదైనా మంచి మాట అనాలి కదా. నోటికి రాలేదు. "ఈ కార్డు నీది కాదు" అన్నాను.

"కాదు మావయ్యా" అన్నాడు.

తర్వాత కాసేపటికి, "తలెత్తావు" అన్నాడు. "తుమ్మకుండానే ఎత్తించాను. నేను గెలిచాను."

మీ వదిన ఎవరు నాన్నా అంటూ వచ్చింది. చూసింది. చేతిలో పెట్టె అక్కడే పెట్టింది. "నిలబడ్డావేంరా వెధవా, లోపలికి రావడానికి నీకు వేరే పిలుపు కావాలా?" అంది. అని, అరల వైపు తిరిగి సీసాలు సర్దడం మొదలెట్టింది. సర్దిన సీసాలే మళ్ళీ సర్దింది. చాలాసేపు ఇటు తిరగలేదు.

బిళ్ళలు నేను ఇవ్వలేదు. వాడు మళ్ళీ అడగలేదు. కార్డు ఎవరిదో వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

వెనక గదిలో టీ తాగాడు. గ్లౌజు చేత్తోనే గ్లాసు పట్టుకున్నాడు. మీ వదిన గ్లౌజు తీయించి చూసింది. కాలిన చెయ్యి. రెండు వేళ్ళు అతుక్కుపోయాయి. అలాంటి ఇంట్లోనే కాలిందట. చేతులు చూసి మనుషుల్ని పట్టేస్తానని నాకు లోపల గొప్పగా ఉండేది. నా చెల్లెలి కొడుకు తన చేతిని ఒక గుడ్డలో దాచుకుని నా కళ్ళ ముందే వచ్చి పోయాడు.

"ఈ కొట్టుకే ఎందుకొచ్చేవాడివిరా?" అన్నాను.

"మిగతా కొట్లలో ముఖం చూస్తారు మావయ్యా. నువ్వు చూడవు."

"మరి అద్దం మీద ఎందుకు కొట్టేవాడివి?"

గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"నియమం మారింది, ఇప్పుడు చూస్తానని తెలియదా?" అన్నాను.

"తెలుసు. వీధి మలుపులో కాగితం అంటించారు కదా. చదివాను. 'చూసి తీరాలి' అని ఉంది. చిన్నప్పుడు నా లెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో అక్క అలాగే అనేది, తెచ్చి చూపించు, నేను చూసి తీరాలి అని. ఇది అక్క రాసిందే అనుకున్నాను. రాయడానికి కొన్ని రోజులు పట్టింది మావయ్యా" అన్నాడు. రావడానికి అనబోయి రాయడానికి అన్నాడు. మాటలు తడబడుతున్నాయి. సరిచెయ్యలేదు నేను.

చిన్నతల్లీ, నువ్వు ఆ ముక్క రాసినప్పుడు ఎవరి కోసం రాశావో నీకూ తెలియదన్నావు. నాలుగో అంతస్తులో కూర్చుని నువ్వు రాసిన ఒక మాట, ఎన్ని గోడల మీదికెక్కి, ఎన్ని వీధులు తిరిగి, వాడి కంటపడింది. నా మెడ వంగి ఉంటే పైకెత్తింది. నాకు దేవుడి సంగతి పెద్దగా తెలియదు. ఇది మాత్రం చూశాను.

డాక్టరు చీటీ సంగతి రాశావు. నేను చదువుకున్నవాణ్ణి కాను. నా మాట రిపోర్టులో వెయ్యకు. కాని చీటీ ఉంటేనే అని రాసి ఉంటే వీడికి నా కౌంటరు దగ్గరికి వచ్చే దారి లేదు. కార్డు అడిగితే ఎవరిదో ఒకటి పట్టుకుని వచ్చాడు. మనిషి ముఖం మనిషే చూడాలని మీరు రాశారు కాబట్టి నేను వాణ్ణి చూడగలిగాను. ఇంతకన్నా నాకు చెప్పడం రాదు.

ఇక అసలు సంగతి. మీ వదిన నీకు వెంటనే ఫోను చేస్తానంది. వాడు వద్దన్నాడు. "అక్క గొంతు వింటే నేను ఇక్కడ నిలబడలేను వదినా, పారిపోతాను. రాయమనండి. కాగితమైతే మడిచి పెట్టుకుని మళ్ళీ చదువుకోవచ్చు" అన్నాడు. అచ్చం మేనమామ పోలిక అని మీ వదిన విసుక్కుంది. విసుక్కుంటూనే ఒప్పుకుంది.

వాడు అడుగుతున్నది ఇది. "ముందు ఆసుపత్రికా, పోలీసు స్టేషనుకా? రెండూ ఉన్నాయని తెలుసు. ఏది ముందో అక్కకి తెలుస్తుంది. ఏది రాస్తే అక్కడికి వెళ్తాను" అన్నాడు. ఇంకొకటి కూడా అడిగాడు. పైకి కాదు, నా భుజం వైపు తిరిగి అడిగాడు. అక్క నన్ను గుర్తు పడుతుందా అని. వాడే నిన్ను గుర్తు పట్టలేదని వాడికి గుర్తున్నట్టు లేదు. నేను చెప్పలేదు.

ఇది రాస్తుంటే పక్కనే కూర్చుని చూస్తున్నాడు. బల్ల మీద తన చోటే. వాడి గురించి రాసిన చోట తల తిప్పుకుంటున్నాడు, ఒత్తులు తప్పిన చోట మాత్రం వేలు పెట్టి చూపిస్తున్నాడు. ఈసారి నా ఉత్తరంలో తప్పులు తక్కువగా ఉంటే అది వాడి చలవే. కాలిన వేలితో చూపిస్తున్నాడు. మాట్లాడేటప్పుడు నేను ఇప్పుడు వాడి ముఖమే చూస్తున్నాను. మాట మర్చిపోతే మర్చిపోయాను.

నిద్ర లేదు వాడికి. ఒళ్ళంతా చెమట. మీ వదిన పక్కనే ఉంటోంది. తలుపు గడియ వెయ్యలేదు. వెయ్యమన్నాను, వద్దంది. "గెలిచినవాడు ఆట మధ్యలో లేచిపోడు నాన్నా" అంది. అన్నాక తనే లేచి వాకిట్లో కూర్చుంది.

ఆదివారం మీ అమ్మ వస్తుంది. వచ్చి, ఆ చోటు తుడవబోతుంది. ఆలోగా నీ మాట మా చేతికి రావాలి. కొరియరుకిచ్చెయ్యి. పెద్దగా రాయక్కర్లేదు. ఆసుపత్రో, స్టేషనో ఒక్క ముక్క రాయి. కింద మాత్రం నీ చేత్తో అక్క అని రాయి. వాడు చూసి తీరాలట. వెంటనే రాయి తల్లీ.

మావయ్య